ఆమె మేనేజర్ అయిపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

టెక్నాలజీ సంస్థల్లో మహిళలు నాయకత్వానికి చేరడానికి ఏవేవి తోడ్పడతాయో ఇప్పుడు దాదాపు అందరికీ తెలుసు. ఆందోళన అంతా అందుకే. తెలిసినదాన్ని ఎవరైనా పొరపాటున అమలు చేస్తే ఎలా? యాజమాన్యాల హితం కోరి ఈ హెచ్చరికలు.

ముందుగా ఒక ఊరట. పై అంతస్తుల్లో కాపలా అక్కర్లేదు, మొదటి మెట్టు చూసుకుంటే చాలు. మెకిన్సీ, లీన్‌ఇన్ సంస్థల 2024 నివేదిక ప్రకారం అమెరికా కంపెనీల్లో ప్రతి 100 మంది పురుషులు తొలిసారి మేనేజర్లయితే, మహిళలు 81 మందే అయ్యారు. ఆ లోటును అలాగే కాపాడుకుంటే, కొన్నేళ్ల తర్వాత ‘అర్హులైన మహిళలు దొరకలేదు’ అని ఎంపిక కమిటీ నిజాయితీగానే బాధపడవచ్చు. అబద్ధం ఆడే శ్రమ ఉండదు.

అసలు ప్రమాదం కాలిబ్రేషన్ మీటింగ్‌లో ఉంది. రేటింగులు, ప్రమోషన్లు ఖాయమయ్యేది అక్కడే. ఎవరి గురించి చర్చో ఆ మనిషి మాత్రం ఆ గదిలో ఉండదు. హోదా ఉన్నవారెవరైనా ‘ఈసారి ఈమెకే ఇద్దాం, పూచీ నాది’ అన్నారా, కథ చేయి దాటినట్టే. ఇలాంటివారిని స్పాన్సర్లంటారు. నివారణ సులభం: ఆమెకు మెంటర్లనివ్వండి. ఒకరు చాలకపోతే ముగ్గురిని. మెంటర్ నెలకోసారి ఆమెకు ఆత్మవిశ్వాసం గురించి బోధిస్తాడు, మీటింగ్ రోజున నోరు విప్పడు. ఖర్చు లేదు, ఫొటోలు కూడా బాగా వస్తాయి.

ప్రమోషన్‌కు కావలసిన అర్హతలను పేర్లు చూడకముందే రాసి పెట్టుకునే దురలవాటు కొన్నిచోట్ల మొదలైంది. రాసుకుంటే ఆధారాలు చూడక తప్పదు: ఏ సిస్టమ్ డిజైన్ చేసింది, ఎన్ని టీములు దాన్ని వాడుతున్నాయి, ఔటేజ్ వచ్చి సర్వీసు ఆగిపోయిన రాత్రి ఎవరు నడిపించారు. రాయకపోతే ‘ఇంకా రెడీ కాలేదేమో అనిపిస్తోంది’ అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది. రాయక తప్పని పరిస్థితిలో ‘పొటెన్షియల్’ (ముందు ముందు ఎంత ఎదగగలరన్న అంచనా) అనే గడి ఒకటి ఉంచండి. ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద రిటైల్ సంస్థ రికార్డులను బెన్సన్, లీ, షూ అనే పరిశోధకులు తిరగేశారు. మహిళలకు పనితీరు మార్కులు ఎక్కువ, పొటెన్షియల్ మార్కులు తక్కువ. ఆ తర్వాత వాళ్లు ఆ అంచనాను మించి పనిచేశారు. అయినా మళ్లీ వచ్చిన పొటెన్షియల్ మార్కులు తక్కువే. ఇంత నమ్మకంగా పనిచేసే గడిని ఏ సాఫ్ట్‌వేర్‌లో చూశాం?

అప్రైజల్‌లో, అంటే పనితీరు సమీక్షలో, పని గురించి రాయకండి, స్వభావం గురించి రాయండి. కోడ్ రివ్యూ ఆలస్యమవుతోందని రాస్తే ఆమె సరిదిద్దుకుంటుంది. ‘కాస్త నెమ్మదిగా మాట్లాడితే బాగుండు’ అంటే ఏం సరిదిద్దుకుంటుంది? ఈ విద్యలో పరిశ్రమ ఎప్పుడో ఆరితేరింది. 2014లో కీరన్ స్నైడర్ అనే భాషా పరిశోధకురాలు టెక్ సంస్థల ఉద్యోగుల పనితీరు సమీక్షలను సేకరించి చూస్తే, విమర్శలున్న వాటిలో పురుషులవి 83, స్వభావాన్ని ఎత్తిపొడిచినవి 2. మహిళలవి 94, ఎత్తిపొడిచినవి 71.

ఇక మీటింగ్ మినిట్స్ (చర్చల నమోదు), కొత్తవారికి పని పరిచయం చేసే ఆన్‌బోర్డింగ్, వీడ్కోలు సభల ఏర్పాట్లు: టీమ్‌కు అవసరమే, ప్రమోషన్ ఫైల్లో మాత్రం కనిపించవు. వీటిని ఆమెకే అప్పగించండి, చిరునవ్వుతో. వంతుల పట్టిక వేద్దామని ఎవరైనా అంటే గట్టిగా వ్యతిరేకించండి. వారానికొకరు చొప్పున మినిట్స్ రాస్తే, ఆమెకు డిజైన్ రివ్యూలో మాట్లాడే తీరిక దొరుకుతుంది.

ప్రాజెక్టుల పంపకంలోనూ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆదాయం తెచ్చే ప్రొడక్టులు, బడ్జెట్ చేతిలో ఉండే బాధ్యతలు ఇచ్చారంటే పై పదవికి మీరే దారి వేసినట్టు. 1946లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌ను ప్రోగ్రామ్ చేసిన ఆరుగురూ మహిళలే. అప్పట్లో అది గుమాస్తా పని అనుకున్నారు కాబట్టి ఎవరికీ నిద్ర చెడలేదు. ఇప్పుడు అలా కుదరదు. పెద్ద పదవి ఇవ్వక తప్పకపోతే ప్రొడక్టు మునుగుతున్న త్రైమాసికంలో ఇవ్వండి. ప్రసూతి సెలవు నుంచి వచ్చినవారికైతే పాత ప్రాజెక్టు తిరిగి ఇవ్వకుంటే సరి.

చివరగా లెక్కలు. మొత్తం ఉద్యోగుల్లో మహిళల శాతం అని ఒకే అంకె ప్రకటించండి. స్థాయిల వారీగా, ఒక్కో ప్రమోషన్‌కు ఎవరికి ఎన్ని నెలలు పట్టిందో విడగొట్టి చూపితే లీకు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. విడగొట్టమని పట్టుబట్టే మహిళా ఇంజనీరు ఎవరైనా ఉంటే వెంటనే డైవర్సిటీ కమిటీలో వేయండి. అక్కడా మినిట్స్ రాసే మనిషి కావాలి కదా.