పౌచ్‌లో పప్పు ఉంటుంది, పోపు ఉండదు

ఇక్కడ అమెరికాలో ఇండియన్ స్టోర్‌లో కొన్న రెడీ టు ఈట్ ప్యాకెట్ చించి, వేడి చేసి, రెండు ముద్దలు తిని, "ఏది కొన్నా ఒకటే రుచి" అని పక్కన పెట్టేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. దాల్ మఖనీ అయినా, రాజ్మా అయినా, సాంబారయినా అడుగున ఒకే రకం ఉడుకు వాసన తగులుతుంది. అయితే తప్పు మసాలా మీద తోసేసే ముందు ఆ ప్యాకెట్ ఏ దారిన మన అలమారాలోకి వచ్చిందో తెలుసుకోవాలి. అది తెలిస్తే ఏది కొనాలో, కొన్నదాన్ని ఎలా బాగుచేసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఫ్రిజ్ అక్కర్లేకుండా నెలల తరబడి నిలవ ఉండే ఈ సంచులను రిటార్ట్ పౌచ్‌లంటారు. బయట పాలియెస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలీప్రొపిలీన్, ఇలా పొరలు అతికించి చేస్తారు. భారతదేశంలో మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం ఈ పద్ధతి మీద పనిచేసి, తర్వాత ప్రైవేటు కంపెనీలకు అందించింది. కూర వండి సంచిలో నింపి, మూతి అతికించి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. సంచి నట్టనడుమ ఉన్న కూరకు కూడా, ఆ వేడిలో కనీసం 3 నిమిషాలు ఉన్నంత ఫలితం దక్కాలి. గాలి తగలని చోట పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే క్లోస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు మామూలు మరుగుకు చావవు. అందుకే అంత వేడి. ఇన్నాళ్లు నిలవ ఉందంటే ఏదో మందు కలిపి ఉంటారని మన పెద్దవాళ్లు భయపడతారు గానీ, నిలవ ఉంచేది ఈ వేడే. కావాలంటే ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదివి చూపించండి.

అంటే మనం తినే కూర రెండుసార్లు ఉడికింది. ఆ రెండో ఉడుకులో పోపు పోతుంది. ఆవాలు నాని మెత్తబడతాయి, కరివేపాకు సారం లేని పీచుగా మిగులుతుంది, ఇంగువ, వెల్లుల్లి, జీలకర్ర దేని వాసన దానికి లేకుండా కలిసిపోతాయి. పాలకూర పచ్చదనం పోయి గోధుమ వన్నెకు తిరుగుతుంది. ఆకుకు రంగునిచ్చే పత్రహరితంలోంచి వేడికి మెగ్నీషియం ఊడిపోవడమే దానికి కారణం. పనీర్ ముక్కలు బిరుసెక్కుతాయి. బెండకాయ, వంకాయ చితికి గుజ్జవుతాయి. శనగలు, రాజ్మా, కందిపప్పు, బంగాళాదుంప మాత్రం తట్టుకుంటాయి, వాటిని ఇంట్లోనూ మెత్తగానే ఉడికిస్తాం గనక. కొనేటప్పుడు చూసుకోవలసింది ఇదొక్కటే: కుక్కర్‌లో నాలుగు విజిళ్లు ఎక్కువ వచ్చినా చెడని వంటకం పౌచ్‌లో బాగుంటుంది. మూకుట్లో వేగాల్సినది బాగుండదు.

కాబట్టి పౌచ్‌ను వండిన భోజనంగా కాక, పోపు పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఉడికిన పప్పుగా చూడాలని మా గట్టి అభిప్రాయం. 300 గ్రాముల పప్పు ప్యాకెట్‌ను గిన్నెలోకి ఒంపి, పావు కప్పు వేడి నీళ్లు పోయండి. నిలవలో పిండిపదార్థం గట్టిపడి ఉంటుంది, నీళ్లు పోయకపోతే అడుగంటుతుంది. సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు, మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా ఉంచండి. ఈలోగా పోపు గరిటలో రెండు టీస్పూన్ల నెయ్యి కాచి, అర టీస్పూను ఆవాలు వేయండి. అవి పూర్తిగా చిటపటలాడాకే పావు టీస్పూను జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు రెండు. చివరగా చిటికెడు ఇంగువ, ఒక రెమ్మ కరివేపాకు. దీన్ని పప్పులో వేసి వెంటనే పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు మూత పెట్టండి. చాలామంది ముందు పోపు పెట్టి, అందులో ప్యాకెట్ ఒంపి మళ్లీ మరిగిస్తారు. అలా చేస్తే యంత్రంలో జరిగిందే ఇంట్లోనూ జరుగుతుంది, వాసనంతా ఆవిరైపోతుంది. నిమ్మరసం కూడా దించాకే, అర చెక్క చాలు. ఉత్తరాది గ్రేవీలకైతే ఈ పోపు నప్పదు, అరచేతిలో నలిపిన అర టీస్పూను కసూరీ మేథీ (ఎండు మెంతి ఆకు), సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ వేస్తే సరిపోతుంది.

రేకు ఉన్న సంచిని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, నిప్పురవ్వలు వస్తాయి. రేకు లేని సంచుల మీద మైక్రోవేవ్‌లో పెట్టవచ్చని రాసి ఉంటుంది, అప్పుడు కూడా ఆవిరి పోవడానికి ఒక మూల చించాలి. అన్నం ప్యాకెట్ల ఇబ్బంది వేరు, చల్లారిన అన్నంలా మెతుకు బిగుసుకుపోతుంది. చించకముందే సంచిని వేళ్లతో నొక్కి ఉండలు విడదీసి, గిన్నెలోకి తీసి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు చిలకరించి, మూత పెట్టి వేడి చేస్తే మెతుకు మళ్లీ మెత్తబడుతుంది. వేడినీళ్లు పోసుకునే కప్పు ఉప్మా ఎండబెట్టిన సరుకు. దానికి సలసల కాగే నీళ్లే కావాలి, లేకపోతే నడుమ రవ్వ పలుకుగానే ఉండిపోతుంది. ఫ్రోజెన్ పరోటాను మెత్తబడనివ్వకుండా ఫ్రీజర్ నుంచి నేరుగా పెనం మీదికి వేయాలి. కరిగితే పొరలన్నీ అతుక్కుంటాయి.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు, పిల్లలు ఆఫీసులకు వెళ్లిపోతే మధ్యాహ్నం పూట ఈ ప్యాకెట్లే వాళ్ల ఆధారం. అమెరికా లేబుళ్లు రోజుకు 2300 మిల్లీగ్రాముల సోడియంను హద్దుగా లెక్కగడతాయి, అది సుమారు ఒక టీస్పూను ఉప్పు. చాలా పౌచ్‌ల మీద అంకెలు సగం ప్యాకెట్‌కే రాసి ఉంటాయి. ఒక సర్వింగ్‌కు 500 అని ఉండి ప్యాకెట్‌లో రెండు సర్వింగ్‌లుంటే, మొత్తం తిన్నవారికి 1000 చేరినట్టే. దాని మీద ఆవకాయ, అప్పడం కూడా పడితే బీపీ మాత్ర వేసుకునే మనిషికి ఆ పూట మంచిది కాదు. దీనికి సులువైన ఉపాయం ఉంది. వారానికోసారి ఉప్పు వేయకుండా కందిపప్పు ఉడికించి ఫ్రీజర్‌లో ఉంచుకుని, 300 గ్రాముల ప్యాకెట్‌కు 200 గ్రాముల పప్పు కలపండి. ప్రతి గరిటెలో ఉప్పు అయిదింట రెండు వంతులు తగ్గుతుంది. కూర పెరిగింది కదా అని ఒక్కరే మొత్తం తింటే మాత్రం తగ్గేదేమీ ఉండదు, ముగ్గురికి వడ్డించాలి.

ఉబ్బిన సంచిని, అతుకు దగ్గర తడి కనిపించిన సంచిని రుచి కూడా చూడకండి, పారేయండి. చించాక అది మామూలు కూరే. రెండు గంటల్లోపు వేరే గిన్నెలో ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

ఇక మా అసలు ఫిర్యాదు. అరల నిండా పాలక్ పనీర్, దాల్ మఖనీ, మన వంటలేవి? తెలుగు వంట ఈ పద్ధతికి పనికిరాదనుకోవడం పొరపాటు. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న పుల్లటి పదార్థంలో ఆ బొట్యులినం బీజాలు మొలకెత్తలేవు. అంత పులుపు ఉన్నవాటికి 121 డిగ్రీలు అక్కర్లేదు, మరుగు వేడికి దగ్గరలో ఆపేయవచ్చు. వేడి తగ్గితే రుచి మిగులుతుంది. పులిహోర పులుసు సీసాలో అంత బాగా నిలిచేది చింతపండు చలవ వల్లే. గోంగూర, చింతపండు పులుసు, టమాటా చారు, ఇవన్నీ పులుపును కొలిచి చేస్తే పాలక్ పనీర్ కన్నా మెరుగ్గా నిలిచే సరుకు. వేపుళ్లు, పెసరట్టు అడగవద్దు, అవి సంచిలో బతకవు.

మన తెలుగు సంఘాల సంబరాల్లో స్టాళ్లు పెట్టే తయారీదారులకు ఈ మాట చెప్పాలి. పప్పు ప్యాకెట్‌తో పాటు చిన్న పొట్లంలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎండబెట్టిన కరివేపాకు విడిగా పెట్టి ఇవ్వమనాలి. నెయ్యి మనం కాచుకుంటాం.