‘సీక్రెట్ బంకర్లు’ ఫార్వర్డ్‌లో నిజమెంత?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్న మనవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గోల్డెన్ గేట్ వంతెన అవతల, మరిన్ హెడ్‌ల్యాండ్స్ కొండల మీద పాత మిలిటరీ బంకర్లున్నాయని, టికెట్ లేదని, ఎప్పుడైనా లోపలికి దిగొచ్చని, అక్కడి నుంచే జపాన్ ఓడల్ని పేల్చారని, జులైలో వెళ్తే వంతెన బాగా కనిపిస్తుందని, ముందు రోడియో బీచ్‌లో స్నానం చేసి తర్వాత హాక్ హిల్ అనే కొండ ఎక్కమని దాని సారాంశం. ఒక్కొక్కటే చూద్దాం.

టికెట్ లేదన్నది నిజం. ఆ ఊపులో పక్కనున్న మ్యూర్ వుడ్స్ అడవికి కూడా వెళ్దామనుకుంటే మాత్రం అక్కడ ప్రవేశ రుసుము ఉంది, పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి.

‘ఎప్పుడైనా లోపలికి దిగొచ్చు’ అన్నదే ప్రమాదకరమైన మాట. బ్యాటరీ స్పెన్సర్ లాంటి చోట్ల (ఇక్కడ బ్యాటరీ అంటే ఫిరంగుల స్థావరం) బయట, పైభాగంలో తిరగొచ్చు. రోడియో బీచ్ పైనున్న బ్యాటరీ టౌన్స్‌లీ లోపలి గదులు మాత్రం వాలంటీర్లు తెరిచినప్పుడే చూడాలి. మామూలుగా అది నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో వేళలు చూసుకోండి. బీచ్ పార్కింగ్ నుంచి మైలు లోపే, కాకపోతే అంతా ఎక్కుడే.

మిగతా చోట్ల తలుపులు ఊరికే మూయలేదు. ఫిరంగి గుండ్లను పైకి చేరవేసే లిఫ్టులు తీసేశాక, వాటి గుంతలు నేలలో అలాగే మిగిలిపోయిన చోట్లుంటాయి. ఫోన్ లైటు అడుగు ముందర పడుతుంది, గుంత రెండడుగుల దూరంలో ఉంటుంది. పైకప్పు సంగతి ఇంకా ఘోరం. సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఊచల్ని తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైపొర పగిలి పెచ్చులూడుతుంది. తలెత్తి చూడండి: గోధుమరంగు మరక, దాని వెంట తిన్నగా సాగే బీట కనిపిస్తే ఆ కింద నిలబడొద్దు. దారి వదిలి పొదల్లోంచి వెళ్తే పాయిజన్ ఓక్ తగులుతుంది. మూడేసి ఆకుల మొక్క అది. చలికాలంలో ఆకులు రాలినా కొమ్మల్లోని జిగురు ఒంటికంటితే దద్దుర్లే.

జపాన్ ఓడల కథ శుద్ధ కల్పన. టౌన్స్‌లీలోని రెండు 16 అంగుళాల ఫిరంగులు దాదాపు 950 కిలోల గుండును 40 కిలోమీటర్ల దూరం విసరగలిగేవి. పరీక్షకు, సాధనకు పేల్చారు గానీ శత్రువు మీద ఒక్కసారి కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాటిని తుక్కు చేశారు. ఇప్పుడక్కడ ఫొటోల్లో కనిపించే గొట్టం మిజూరీ యుద్ధనౌకది, 2012లో తెచ్చి పెట్టారు. హాక్ హిల్ మీది బ్యాటరీకైతే ఫిరంగులు బిగించనే లేదు, పని మధ్యలోనే ఆగిపోయింది.

ఇక జులై. అక్కడ అది ఎండాకాలమే. ఆ మాట అనగానే మనకు ఎండ గుర్తొస్తుంది, అక్కడ మాత్రం పొగమంచు. లోపలి లోయ వేడెక్కి సముద్రపు చల్లగాలిని వంతెన కింది సముద్రపు సందులోంచి లాక్కుంటుంది, వంతెన మాయమవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు మేలు. ఏ నెలైనా గాలి ఆపే జాకెట్ ఉండాల్సిందే.

రోడియో బీచ్‌లో స్నానం చేయమన్న సలహా ఎవరిదో గానీ, వాళ్లు ఆ నీళ్లలో దిగినట్టు లేదు. ఒడ్డు నిట్టనిలువుగా పడిపోతుంది, నీళ్లు గడ్డకట్టించేంత చలి, ఉన్నట్టుండి వచ్చే పెద్ద అల మనిషిని లాగేస్తుంది. ఇక డ్రోన్ ఎగరేయడం నిషేధం.

చివరగా, ‘ముందు బీచ్, తర్వాత హాక్ హిల్’ అన్న వరస. కొండ మీదుగా వెళ్లే కాన్‌జెల్‌మన్ రోడ్డు హాక్ హిల్ దాటాక వన్‌వే, బాగా వాలు కూడా. అందుకే స్పెన్సర్, హాక్ హిల్, లైట్‌హౌస్ ఉన్న పాయింట్ బొనీటా చూసుకుంటూ బీచ్‌కి దిగాలి. తిరిగొచ్చేటప్పుడు బంకర్ రోడ్డు సొరంగం. అందులో ఒకసారికి ఒకవైపు వాహనాలనే వదులుతారు, సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు ఆగాల్సి రావచ్చు.