కొండపల్లి ఏనుగు

కొండెక్కేది మనిషి, కెమెరా అతని వెంట వస్తుందని ఇన్నాళ్లూ పొరబడ్డాం. ఎక్కేది కెమెరాయే. మనం కొండపల్లి బొమ్మల్లోని అంబారీ ఏనుగులం. పైన కూర్చున్నవారి క్షేమం తప్ప ఏనుగుకి వేరే ఆలోచన ఉండకూడదు.

ఈ దృష్టితోనే మొన్నామధ్య బెజవాడ నుంచి కుటుంబసమేతంగా కొండపల్లి కోటకి బయల్దేరాం. పైకి రోడ్డుంది. ట్రెక్కింగ్ అన్నాక రోడ్డెక్కితే పరువేం మిగులుతుందని కాలిబాట పట్టాం. కెమెరా 700 గ్రాములు, దూరాన్ని దగ్గరగా చూపే 70-200 జూమ్ లెన్సు కిలోన్నర, ట్రైపాడ్ రెండు కిలోలు. పిట్ట కనబడితే ఒకటి, పువ్వు కనబడితే ఒకటి అని ఇంకో రెండు లెన్సులు. ఈ కొండల్లో పెరిగే, ఆ బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెక్క తేలికదనానికి పెట్టింది పేరు. ఆ సంగతి నా వీపుకి ఎవరూ చెప్పలేదు.

కారు దిగగానే మా ఆవిడ గ్రూప్ ఫోటో అంది. కుదరదన్నాను. ఏసీలో చల్లబడ్డ లెన్సుకి బయటి ఉక్కగాలి తగిలితే చెమ్మ పడుతుంది, అరగంట సంచి విప్పకూడదు. కొత్తల్లుడికి కూడా ఇన్ని ఉపచారాలుండవు. ఆ అరగంటలో ఆవిడ దువ్వుకున్న తల చెదిరింది, మొహం కూడా కాస్త మారింది.

బరువు భుజాల మీద కాదు, నడుం బెల్టు ద్వారా తుంటి ఎముకల మీద పడాలంటారు. బిగించాను. మధ్యలో పొట్ట ఉండటంతో బెల్టుకి తుంటి ఆచూకీ దొరకలేదు.

నీళ్ల సీసా కెమెరా అరలో పెట్టకూడదు. మూత వదులైతే లక్ష రూపాయల సరుకు తడిసిపోతుంది. అందుకని సీసాలన్నీ బావమరిదికిచ్చాను. వాడికి వేరే బరువేం లేదు కాబట్టి చకచకా కనుమరుగయ్యాడు. నా నాలుక పిడచగట్టింది. కెమెరా కూడా పొడిగానే ఉంది, అంటే నియమం పనిచేసినట్టే.

కెమెరాని మెడలో వేలాడేస్తే వంగినప్పుడల్లా గుడిగంట నాలుకలా ఊగి రాళ్లకి కొట్టుకుంటుంది. కాబట్టి సంచిలోనే ఉంచాను. కోట గోడ దగ్గర జిప్పు లాగానో లేదో, ఆ చప్పుడు ముందే తెలిసినట్టు ఓ కోతి దిగింది. మంగళగిరి పానకాలస్వామి సగం పానకం తాగి సగం మనకే వదులుతాడు. కోతులకి అలాంటి సంప్రదాయం లేదు. జిప్పు వేసేశాను.

దిగొచ్చాక ఊళ్లో మా ఆవిడ అంబారీ ఏనుగుని కొంది.

"రంగు గీరుకుపోతుందేమోనండీ, ఆ మెత్తటి సంచిలో పెట్టండి" అంది.

చోటు చాల్లేదు. కెమెరా తీసి, ఏనుగుని పెట్టి జిప్పు వేశాను. కెమెరాని మెడలో వేలాడేసుకుని కారు దాకా నడిచాను.