సైటేషన్ లెక్కకు దొరకని ఉక్కు

ఏటా సెప్టెంబర్ దాటిందంటే మన దినపత్రికల లోపలి పేజీల్లో ఒకే రకం వార్త. ఫలానా ప్రొఫెసర్‌కు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటు. శాలువా, బొకే, ఫొటో. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల ఆ జాబితాకు ఆధారం సైటేషన్లు, అంటే ఒకరి పేపర్లను మిగతావాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆయన చేసిన పనేమిటో వార్తంతా చదివినా తెలియదు.

ఫ్యూజన్ మెటీరియల్స్‌లో, అంటే తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే రియాక్టర్లకు కావాల్సిన పదార్థాల రంగంలో, ఈ లెక్క మరీ తిరకాసు. హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ దూసుకొస్తుంది. రియాక్టర్ గోడలోని ఉక్కులో పరమాణువులను చోటు తప్పిస్తుంది, లోపల హీలియం పుట్టించి పెళుసుబారుస్తుంది. అసలు రియాక్టర్‌లో ఉండేంత జోరుగా అలాంటి న్యూట్రాన్లను కురిపించి ఉక్కును పరీక్షించే కేంద్రం ఇంకా ఎక్కడా పనిచేయడం లేదు. స్పెయిన్‌లో గ్రనడా దగ్గర ఒకటి కడుతున్నారు. అందాకా నమూనాలను మామూలు అణు రియాక్టర్‌లో ఏళ్ల తరబడి ఉంచి, ఆ తర్వాత రేడియేషన్ బయటికి రాకుండా మందపాటి గోడలు కట్టిన హాట్ సెల్ అనే గదిలో యంత్రపు చేతులతో పరీక్షించాలి. లేదా అయాన్ బీమ్‌తో, అంటే విద్యుదావేశమున్న పరమాణువుల ధారతో కొట్టాలి. అదైతే గంటల్లో, రోజుల్లో అయిపోతుంది. కానీ దెబ్బ తగిలేది పైపైన, మహా అయితే కొన్ని మైక్రాన్ల లోతు. పేపర్లు ఏ దారిలో ఎక్కువ పుడతాయో వేరే చెప్పాలా?

మన హైదరాబాద్ సంగతే చూడండి. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్‌లో పరీక్షించాలనుకున్న మన బ్లాంకెట్ మాడ్యూల్ (న్యూట్రాన్లను పట్టుకునే లోపలి గోడ భాగం) కోసం కల్పాక్కం, గాంధీనగర్ శాస్త్రవేత్తలు రూపొందించిన ఉక్కును కరిగించింది కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహాల సంస్థ మిధానిలోనే. మాలిబ్డినం, నయోబియం న్యూట్రాన్ల దెబ్బకు చాలాకాలం పోని రేడియోధార్మికత తెచ్చుకుంటాయి. అందుకే వాటి బదులు టంగ్‌స్టన్, టాంటలం వేశారు. టంగ్‌స్టన్‌ను 1 నుంచి 2 శాతం, టాంటలంను 0.06 నుంచి 0.14 శాతం మధ్య మార్చి చూసి, చివరికి 1.4, 0.06 దగ్గర ఆగారు. ఆ రెండు అంకెలు తేలడానికి ఓపిగ్గా చేసిన క్రీప్ పరీక్షలెన్నో (వేడిలో, బరువు కింద ఉక్కు మెల్లగా ఎంత సాగుతుందో చూసేవి). వాటిమీద పేపర్లు, సైటేషన్లు వచ్చాయి, నిజమే. కానీ నయోబియం జాడ కూడా లేకుండా ముడిసరుకు ఏరి, కొలిమి దగ్గర నిలబడే మనిషిని పేపర్లు, సైటేషన్లు చూపించే గూగుల్ స్కాలర్‌లో ఎక్కడ వెతుకుతాం?

ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేసిన తమ్ముడిలాంటి కుర్రాడు ఒకడున్నాడు. అతని పనంతా 3 మిల్లీమీటర్ల ఉక్కు బిళ్లలు. కాగితంలా పలచబడేదాకా ఒక్కోదాన్ని అరగదీసి, ఆసిడ్‌లో పాలిష్ పెట్టి, నడిమధ్య సూదిమొనంత బెజ్జం పడేదాకా కన్నార్పకుండా కూర్చోవాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసేది ఆ బెజ్జం అంచునే. ఒక్క క్షణం ఆలస్యమైతే బెజ్జం పెద్దదై బిళ్ల పనికిరాదు. "నెలకు రెండు మంచి బిళ్లలు దొరికితే పండగే అన్నా" అనేవాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే బిళ్లల ఊసే లేదు. హెచ్-ఇండెక్స్ ఎంతని అడిగారట. నాలుగని చెప్పాడు. టెన్షన్‌లో గొంతు కూడా సరిగ్గా పెగల్లేదట.

2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చిన కొలత ఈ హెచ్-ఇండెక్స్. నాలుగంటే, కనీసం నాలుగేసి సార్లు ఉదహరించిన పేపర్లు నాలుగున్నాయని. ఐదే పేపర్లు రాసిన మనిషికి ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా అది 5 దాటదు. రంగం ఎంత చిన్నదో, డేటా చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో దానికి పట్టదు.

అలాగని సైటేషన్లను చెత్తబుట్టలో వేయమనను. లెక్కపెట్టే బదులు చదవమంటాను. ఉదహరించిన పేపర్లలో ఓ పది తెరిచి చూస్తే చాలు. ఉపోద్ఘాతంలో రిఫరెన్సులు 4 నుంచి 17 వరకు అని గుంపులో కలిపేశారా, లేక ఆ పరిశోధకుడి కొలతల పట్టికను తీసుకుని తమ డిజైన్ లెక్కలో వాడారా? రెండూ ఒక్కొక్క సైటేషనే. నా దృష్టిలో మొదటిది పెళ్లి పిలుపుల లిస్టు లాంటిది, ఎవరి పేరూ వదిలేయకూడదని రాసేది.

ఆ కుర్రాడు మొన్న ఒక స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేశాడు. విదేశీ బృందం ఒకటి అతని పట్టిక మొత్తాన్ని తమ లెక్కల్లో వాడుకుంది. అందులో ఒక అంకె తప్పని కూడా రాసింది. కింద రెండు నవ్వు బొమ్మలు పెట్టి పంపాడు.