రోజుకు 16 సార్లు తెల్లారితే నిద్ర పట్టేదెలా?

వ్యోమగాములు ఎలా పడుకుంటారని మా అమ్మాయి అడిగితే విశాఖ ఆర్కే బీచ్‌లోని మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్లాను. గుండ్రటి ద్వారాల్లోంచి ఒళ్లు వంచుకుని దూరి, పైపులు దాటుకుంటూ వెళ్తే ఇరుకు బంకులు కనిపిస్తాయి. కిటికీ ఉండదు. పగలో రాత్రో గడియారం చెప్పాల్సిందే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనిషికి దక్కేది బీరువా అంత గది. గోడకు కట్టిన స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి జిప్ వేసుకుంటారు. పైనా కిందా అనేవి లేవు కాబట్టి ఎటు పడుకున్నా ఒకటే. కునుకు పడితే చేతులు వాటంతటవే ముందుకు తేలి వస్తాయి. నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం ఫ్యాన్ సంగతి. అక్కడ వేడి గాలి పైకి లేవదు. ఫ్యాన్ ఆగితే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ ముఖం చుట్టూనే నిలిచిపోతుంది, తలనొప్పితో మెలకువ వస్తుంది. అందుకే ఎంత మోత ఉన్నా ఫ్యాన్ తిరగాల్సిందే, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని పడుకోవాల్సిందే.

పైగా కేంద్రం 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది. అంటే రోజుకు 16 సార్లు తెల్లారుతుంది. ఎనిమిదిన్నర గంటలు నిద్రకు కేటాయించినా వాళ్లు సగటున ఆరు గంటలే పడుకుంటున్నారని 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. నలుగురిలో ముగ్గురు నిద్రమాత్రలు వాడారు. ఆ కళ్లతోనే మర్నాడు స్పేస్‌వాక్‌కి వెళ్లాలి.

గాజువాకలో పెరిగిన నాకు ఈ బాధ తెలుసు. నాన్న సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి పొద్దున్నే వస్తే అమ్మ కిటికీకి నల్ల దుప్పటి కట్టేది, విజిల్ రాకముందే కుక్కర్ దించేసేది. అయినా పదకొండింటికల్లా ఆయన లేచి కూర్చునేవారు. ఒంట్లో గడియారం వెలుగును బట్టే నడుస్తుంది మరి. అంతరిక్ష కేంద్రంలో 2016 నుంచి పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టడం మొదలుపెట్టింది ఇందుకే. పడుకునే ముందు వాటిలో నీలి వెలుగు తగ్గించుకోవచ్చు.

మన మనుషుల్ని మనమే అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ అనగానే మనం రాకెట్ గురించి, పారాచ్యూట్ల గురించి మాట్లాడుకుంటాం. 2024 డిసెంబరులో మన విశాఖ తీరానికి దూరంగా సముద్రంలో నేవీ, ఇస్రో కలిసి వ్యోమనౌకను ఓడలోకి చేర్చే ట్రయల్ చేస్తే గర్వపడ్డాం. పడాల్సిందే. కానీ లోపలి మనిషి నిద్ర గురించి ఎవరూ అడగడం లేదు. గగన్‌యాన్‌ది మూడు రోజుల ప్రయాణమే కదా, ఓర్చుకుంటారులే అనొచ్చు. నేనొప్పుకోను. సముద్రంలో దిగే ఆఖరి గంటల్లోనే బుర్ర చురుగ్గా ఉండాలి. 2035 నాటికి మన సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలన్నది లక్ష్యం. అక్కడ ఉండాల్సింది మూడు రోజులు కాదు.

కురుసురలో బంకులు చూపించి వివరించేది రిటైరైన నావికులే. మోతలో, ఇరుకులో, పగలూ రాత్రీ తేడా లేకుండా పడుకోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. రేపు మనం కట్టబోయే అంతరిక్ష కేంద్రంలో పడక గది గోడ ఎంత మందం ఉండాలో, ఫ్యాన్ ఎటువైపు పెట్టాలో డ్రాయింగ్ గీసే రోజునే వాళ్లను కూర్చోబెట్టుకుని అడగాలి.