వీసా వచ్చింది సరే, సంతకం పెట్టడం ఎవరు నేర్పారు?

అమెరికాలో మన పిల్లలు ఇబ్బంది పడుతున్నారన్న వార్త వచ్చిన ప్రతిసారీ చర్చంతా ట్రంప్ చుట్టూనే తిరుగుతుంది. కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసాకు 2025లో పెట్టిన లక్ష డాలర్ల రుసుము, లాటరీ, దొరకని కొలువులు... అన్నీ నిజాలే, అన్నీ చదివినవే. నా ఫిర్యాదు మాత్రం వాషింగ్టన్ మీద కాదు, మన ఇళ్ల మీద, మన ఇంటర్ కాలేజీల మీద.

కొత్త దేశంలో కుదురుకోవడమంటే చలికి, తిండికి అలవాటు పడటమని ఇంకా అనుకుంటున్నాం. డాలస్ శివార్లలో గోంగూర దొరుకుతుంది, ఆ బెంగ అక్కర్లేదు. అసలు కష్టం కాగితాల దగ్గర. నలుగురు కలిసి లీజు మీద సంతకం చేస్తే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా మిగిలిన ముగ్గురే మొత్తం అద్దె కట్టాల్సి రావచ్చు. బీమా ఉందని ఎమర్జెన్సీకి పరుగెత్తినవాడికి డిడక్టబుల్ (బీమా వర్తించేముందు మన జేబులోంచి కట్టే సొమ్ము) అంటే ఏమిటో బిల్లు వచ్చాకే తెలుస్తుంది. చిరునామా మారితే పది రోజుల్లో యూనివర్సిటీకి చెప్పాలి. పైసా సంపాదన లేకపోయినా పన్ను శాఖకు ఏటా 8843 ఫారం పంపాలి. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే వీసా స్టేటస్‌కే ఎసరు. ఇందులో అర్థం కానిది ఏదీ లేదు. కానీ ఎవరికి వారే చదివి, అడిగి, తేల్చుకోవాలి.

ఆ పని మనవాడు ఎన్నడైనా చేశాడా? పదిహేనేళ్లకే హాస్టల్లో పడేశాం. ఔటింగ్‌కు నాన్న ఫోన్ చేయాలి, గ్రూపు నాన్న ఎంచాలి. బీటెక్ సీటుకు వెబ్ ఆప్షన్లు ఇంటర్నెట్ సెంటర్‌వాడు పెట్టాడు. అమెరికాలో యూనివర్సిటీని కన్సల్టెన్సీ చూసింది, దరఖాస్తు వ్యాసాన్నీ (అందులో వాడి జీవితాశయం ఉంటుంది!) అదే రాసిచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఎంతో తెలుసు, వడ్డీ ఎప్పట్నుంచి మొదలవుతుందో తెలియదు. ఇరవై రెండేళ్లు వచ్చినా సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోని మనిషిని విమానం ఎక్కించి, శంషాబాద్‌లో ఫొటోలు దిగి వస్తున్నాం.

ఇవే కాలేజీల్లో చదివినవాళ్లు వేలమంది అక్కడ నిలదొక్కుకోలేదా అంటారు. నిలదొక్కుకున్నారు, కాదనను. ఎక్కువమందికి ఆసరా సీనియర్ల గది. అది మంచిదే, ఆ సీనియర్ మంచివాడైతే. మంచివాడు కాకపోతే హాస్టల్ వార్డెన్ స్థానంలోకి సీనియర్ వస్తాడు, అంతే తేడా. ‘అందరూ చేస్తున్నారు, ఏం కాదు’ అన్న ఒక్క మాటతో క్యాంపస్ బయట దొంగచాటు పని, లేని అనుభవాన్ని రెజ్యూమేలో చూపడం, ఇంటర్వ్యూకి తన బదులు ఇంకొకడు (ప్రాక్సీ)... అన్నీ మామూలైపోతాయి.

దీని ఫలితం రెండుసార్లు కళ్లారా చూశాం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసా మోసాల కేసులో మూతపడినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2019లో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసు లేదు, పంతులు లేడు, నడిపిందే అమెరికా ప్రభుత్వ ఏజెంట్లు. తొలి విడతలో పట్టుబడిన సుమారు 130 మందిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. వలపన్ని పిల్లల్ని పట్టుకోవడం అన్యాయమే. అయినా క్లాసులు ఎప్పుడని గట్టిగా అడగకుండా ఫీజు కట్టినవాళ్లు అంతమంది ఉన్నారే! అడిగే అలవాటును మనమే పదిహేనో ఏట కోసేశాం. ప్రశ్న వేసినవాడికి ర్యాంకు రాదని నమ్మే చదువు ఇది. ఇంటర్ బోర్డు హాస్టళ్లను పట్టించుకోనంత కాలం విదేశాంగ శాఖ హెల్ప్‌లైన్లు ఎన్ని పెట్టినా గాయానికి పైపూతే.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తున్నారు. మంచి పథకం. మొదటి విడత డబ్బు విడుదలకు ముందు ఒక వారం తెలుగులో కూర్చోబెట్టి లీజు, బీమా, పన్ను ఫారం వాళ్ల చేతే నింపించాలి. విద్యారుణాలిచ్చే బ్యాంకులూ ఇదే షరతు పెట్టాలి. తల్లిదండ్రుల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.