సవరణ: వేళ్లు కదిలినంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు

పోయిన వారం మా బాబు కూకట్‌పల్లిలో మా కాలనీ పార్కు జారుడుబండ మీంచి పడి చేతికి దెబ్బ తగిలిన సంగతి రాశాను. "వేళ్లు కదిలిస్తున్నాడంటే ఎముక విరగనట్టే, నూనె రాసి మర్దన చేస్తే చాలు" అన్నాను. అది తప్పు. దయచేసి ఆ మాట పాటించకండి.

మూడో రోజుకు కూడా వాడు ఆ చేత్తో గ్లాసు పట్టుకోలేదు. ఎక్స్‌రే తీయిస్తే మణికట్టు దగ్గర ఎముక చిట్లిందని తేలింది. పిల్లల ఎముకలు పచ్చికొమ్మల్లాంటివి. రెండు ముక్కలు కాకుండా ఒక పక్కే చిట్లడమో, సొట్టపడటమో జరుగుతుంది. అందుకే వాపు తక్కువున్నా, వేళ్లు ఆడుతున్నా ఫ్రాక్చర్ ఉండొచ్చు. నేను చూడాల్సింది వేళ్లు కాదు. వాడు ఆ చెయ్యి వాడుతున్నాడా, ఎముక మీద ఒకేచోట మెల్లగా తాకినా ఏడుస్తున్నాడా అన్నది.

మర్దన వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు 10-15 నిమిషాలు పెట్టి, చెయ్యి కదలకుండా ఆసరా ఇచ్చి డాక్టరుకు చూపించండి. ఎక్స్‌రే తీయకముందే నాటుకట్టు కట్టించొద్దు. చెయ్యి వంకరపోయినా, వేళ్లు పాలిపోయి చల్లబడినా, మొద్దుబారినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తలకు దెబ్బ తగిలితే ఏం చూడాలో అసలు రాయనే లేదు, అది ఇంకా పెద్ద లోపం. స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మత్తుగా ఉండి లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నా మాట నమ్మి ఎవరైనా మర్దన చేసి, బిడ్డకు ఇంకా నొప్పి ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి.